బరువు హైడ్రోజన్ ఇచ్చే సాక్ష్యం: ఎంజైము లోపల ఆల్కహాలుకు ఏం జరుగుతుంది?

క్యూవెట్‌లో (కొలత కోసం వాడే చిన్న పారదర్శక పాత్ర) బఫర్, బెంజైల్ ఆల్కహాలు, ఎన్‌ఏడీ (ఎంజైముకు తోడుగా ఉండి హైడ్రోజన్ అందుకునే కోఎంజైము) వేసి, చివర్లో కాస్త ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము కలిపి, వెలుగు ఎంత పీల్చుకుంటోందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరులో పెడితే 340 నానోమీటర్ల దగ్గర గీత మెల్లగా పైకి లేస్తుంది. ఆల్కహాలు నుంచి హైడ్రోజన్ అందుకుని ఎన్‌ఏడీ కాస్తా ఎన్‌ఏడీహెచ్ అవుతోందన్నమాట. ఆ వెలుగును పీల్చుకునేది అదే. ఇప్పుడు పక్కనే ఇంకో క్యూవెట్ తీసుకోండి. అందులోనూ అన్నీ అవే, అంతే కొలతల్లో. ఒక్కటే తేడా: ఆల్కహాలులో కార్బన్ మీదుండే రెండు హైడ్రోజన్ల చోట డ్యూటీరియం, అంటే బరువు హైడ్రోజన్, ఉంది. ఈసారి గీత అంత నిటారుగా లేవదు, పాకుతున్నట్టు పైకి వస్తుంది.

ఈ రెండు గీతల వాలుల నిష్పత్తినే ఐసోటోపు ప్రభావం అంటారు. కొలవడానికి ఒక పూట చాలు. అది ఏం చెబుతోందో సరిగ్గా వినడం నేర్చుకోవడానికి మాత్రం శాస్త్రవేత్తలకు దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఎందుకంటే ఆ అంకె ఎప్పుడూ ఒంటరిగా మాట్లాడదు. ఎంజైము పనిలో చాలా మెట్లు ఉంటాయి. మనకు కావలసిన మెట్టు చెప్పే మాటను మిగతా మెట్లు కప్పేస్తుంటాయి. అంకె చిన్నదిగా వచ్చిందని ‘ఇక్కడ బంధం తెగడం లేదు’ అనుకుంటే బోల్తా పడినట్టే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ కప్పును తొలగించే పద్ధతులకే ఇస్తున్నాను.

ముందు రసాయనం చూద్దాం. బెంజైల్ ఆల్కహాలు అంటే ఒక బెంజీన్ వలయం, దానికి అతుక్కున్న ఒక కార్బన్, ఆ కార్బన్ మీద రెండు హైడ్రోజన్లు, ఒక ఓహెచ్. ఇది ఆక్సీకరణ చెంది బెంజాల్డిహైడ్ కావాలంటే రెండు హైడ్రోజన్లు పోవాలి, కార్బన్ మీది నుంచి ఒకటి, ఆక్సిజన్ మీది నుంచి ఒకటి. రెండూ ఒకేలా వెళ్లవు. కార్బన్ మీదిది బంధంలోని రెండు ఎలక్ట్రాన్లనూ వెంట తీసుకుని హైడ్రైడ్‌గా వెళ్తుంది. ఆక్సిజన్ మీదిది ఎలక్ట్రాన్లను వదిలేసి ఉత్త ప్రోటాన్‌గా వెళ్తుంది. ఏది ముందు వెళ్తుంది? లేక రెండూ కలిసే బయలుదేరతాయా? కష్టమైన ఆ నడిమి క్షణంలో, అంటే ట్రాన్సిషన్ స్టేట్‌లో, అణువు ఇంకా ఆల్కహాలులాగే ఉంటుందా, అప్పటికే ఆల్డిహైడ్ పోలిక వచ్చేస్తుందా? ఆ క్షణం ఎంత చిన్నదంటే, సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. దాన్ని పట్టుకుని ఫోటో తీయలేం. పరోక్షంగా అడిగి తెలుసుకోవాలి.

బరువు ఎందుకు తేడా తెస్తుంది?

హెరాల్డ్ యూరీ 1931లో డ్యూటీరియాన్ని కనుక్కున్నాడు. దానికి 1934లో నోబెల్ వచ్చింది. ప్రకృతిలో సుమారు 6,400 హైడ్రోజన్లకు ఒకటి చొప్పున ఇది ఉంటుంది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక్క ప్రోటానే ఉంటే, దీనిలో అదనంగా ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. రెండు న్యూట్రాన్లు ఉంటే అది ట్రిటియం, రేడియోధార్మికం, అర్ధాయువు 12.3 ఏళ్లు. మూడింటికీ ఎలక్ట్రాన్ ఒక్కటే. కాబట్టి అణువు ఆకారం మారదు, విద్యుదావేశాలు మారవు, ఎంజైము పట్టు మారదు. మారేది బరువొక్కటే. పరీక్షించే వస్తువును ఇంత తక్కువగా కదిలించి ఇంత ఎక్కువ రాబట్టే పద్ధతి జీవరసాయన శాస్త్రంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

బంధాన్ని స్ప్రింగులా ఊహించుకోండి. క్వాంటం లెక్క ప్రకారం ఈ స్ప్రింగు ఎంత చల్లబరిచినా పూర్తిగా ఆగదు. కొంత కంపనశక్తి ఎప్పుడూ మిగిలే ఉంటుంది, దాన్నే జీరో పాయింట్ ఎనర్జీ అంటారు. తేలిక పరమాణువు ఎక్కువగా కంపిస్తుంది, అంటే శక్తి లోయలో కాస్త పైన కూర్చుంటుంది. బరువైనది అడుక్కి దిగి కూర్చుంటుంది. కార్బన్-హైడ్రోజన్ బంధం కంపనం సెంటీమీటరుకు 2,900 తరంగాలు, కార్బన్-డ్యూటీరియానిది దాదాపు 2,100. ఈ తేడాలో సగం, శక్తిగా మారిస్తే మోలుకు దాదాపు 1.15 కిలోకేలరీలు. అంటే బంధం తెగడానికి దాటాల్సిన శక్తి కొండను డ్యూటీరియం ఎక్కాలంటే అంత అదనంగా ఎక్కాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది వేగంలో సుమారు 7 రెట్ల తేడాగా తేలుతుంది. ట్రిటియంతో పోలిస్తే తేడా దాదాపు 16 రెట్లు.

ఈ 7 అనేది బంధం సాగే కంపనం పూర్తిగా పోయినప్పటి లెక్క. నిజంలో హైడ్రోజన్ ట్రాన్సిషన్ స్టేట్‌లో ఇచ్చేవాడికి, పుచ్చుకునేవాడికి సరిగ్గా మధ్యలో లేకపోతే అంకె తగ్గుతుంది. 1961లో ఫ్రాంక్ వెస్ట్‌హైమర్ వివరించింది ఇదే.

అదే వెస్ట్‌హైమర్ అంతకు పదేళ్ల ముందే, 1951లో, షికాగో విశ్వవిద్యాలయంలో బిర్గిట్ వెన్నెస్‌లాండ్ బృందంతో కలిసి డ్యూటీరియాన్ని వేగం కోసం కాకుండా గుర్తుగా వాడాడు. వాళ్లు ఈస్టు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ తీసుకుని, డ్యూటీరియం ఉన్న ఇథనాల్ ఇచ్చారు. కోఎంజైముకు సరిగ్గా ఒక్క డ్యూటీరియం చేరింది. మామూలు ఇథనాల్‌ను భారజలంలో, అంటే హైడ్రోజన్‌కు బదులు డ్యూటీరియం ఉన్న నీళ్లలో, ఉంచి చేస్తే ఒక్కటీ చేరలేదు. అంటే హైడ్రోజన్ నీళ్లలోకి దిగి మళ్లీ ఎక్కడం లేదు, ఆల్కహాలు చేతి నుంచి కోఎంజైము చేతికి నేరుగా అందుతోంది. పైగా కార్బన్ మీది రెండు హైడ్రోజన్లు మనకు ఒకేలా కనిపించినా ఎంజైము వాటిలో ఎప్పుడూ ఒకదాన్నే ఎంచుకుంటుంది. ఈ రెండో విషయం గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పెద్ద పని ఉంది.

కప్పేసే మెట్లు

గుర్తుగా వాడటం తేలిక. వేగం కొలిచి లోపలి మెట్టును చదవడమే కష్టం. చిన్న లెక్క చూడండి.

ఒక ఎంజైములో హైడ్రైడ్ మారడానికి 1 మిల్లీసెకను, తయారైన ఎన్‌ఏడీహెచ్ ఎంజైమును వదిలి పోవడానికి 100 మిల్లీసెకన్లు పడతాయనుకుందాం. మొత్తం 101. డ్యూటీరియంతో హైడ్రైడ్ మెట్టు 6 రెట్లు నెమ్మదిస్తే అది 6 మిల్లీసెకన్లు అవుతుంది, మొత్తం 106. నిష్పత్తి 1.05. కొలతల్లో వచ్చే పొరపాటులోనే అది కొట్టుకుపోతుంది. లోపల ఆరు రెట్ల తేడా ఉంది, బయట ఏమీ కనబడదు. ఇప్పుడు రెండు మెట్ల సమయాలూ తారుమారు చేయండి. రసాయనానికి 100, విడుదలకు 1. అప్పుడు 101కి 601, నిష్పత్తి 5.95. ఎంజైము అదే, బంధం తెగే తీరు అదే, ప్రభావం మాత్రం ఉన్నట్టుండి కళ్లముందుకొచ్చింది.

గుర్రం కాలేయం నుంచి తీసే ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్, ఇథనాల్ దగ్గర మొదటి రకం. ఎన్‌ఏడీహెచ్ బయటికి పోవడమే అక్కడ ఆలస్యం. 1951లో థియోరెల్, చాన్స్ ఆ ఎంజైము మీద చేసిన పని దీన్ని చూపించింది. అలాంటి చోట ఐసోటోపు ప్రభావం కొలిచి రసాయనం గురించి తీర్మానం చేయడం గోడ అవతలి మాటను గోడను చూసి చెప్పడమే.

సుగంధ ఆల్కహాళ్లు, అంటే బెంజీన్ వలయమున్నవి, పనికొచ్చేది ఇక్కడే. ఈస్టు ఎంజైముకు ఇథనాల్ అంటే మహా ఇష్టం, బెంజైల్ ఆల్కహాలు అంటే అంతగా కాదు. దాన్ని నెమ్మదిగా ఆక్సీకరిస్తుంది, ఆ నెమ్మది హైడ్రైడ్ మెట్టులోనే ఉంది. కప్పు దానంతట అదే తొలగిపోయింది. ఇంకో లాభం కూడా ఉంది. బెంజీన్ వలయానికి అవతలి కొసన మిథాక్సీ, మిథైల్, క్లోరిన్, బ్రోమిన్ లాంటివి తగిలించి, తెగే బంధాన్ని ముట్టుకోకుండానే దూరం నుంచి ఎలక్ట్రాన్లను కాస్త అటు నెట్టవచ్చు, ఇటు లాగవచ్చు. అంటే చేతిలో ఒకటి కాదు, రెండు మీటలు ఉన్నాయి: ఒకటి బరువు, రెండోది విద్యుదావేశం.

జూడిత్ క్లిన్‌మన్ 1970లలో ఈ రెండు మీటలనూ కలిపి తిప్పింది. అప్పుడామె ఫిలడెల్ఫియాలో ఉండేది, తర్వాత బర్క్‌లీకి వెళ్లింది. ఆల్కహాళ్లన్నిటిలోనూ డ్యూటీరియం ప్రభావం స్పష్టంగా, పెద్దగా వచ్చింది. కాబట్టి బంధం తెగడమే ఆలస్యపు మెట్టు, అందులో సందేహం లేదు. కానీ వలయం కొసన ఏ గుంపు పెట్టినా ఆల్కహాలు ఆక్సీకరణ వేగం పెద్దగా మారలేదు. ఆల్డిహైడ్‌ను వెనక్కి ఆల్కహాలుగా మార్చే దిశలో మాత్రం ఆ గుంపులకు వేగం బాగా స్పందించింది. దీని అర్థం, ట్రాన్సిషన్ స్టేట్‌లో కార్బన్ మీది ఆవేశం ఆల్కహాలులో ఉన్నట్టే ఉంది, ఆల్డిహైడ్ వైపు పెద్దగా నడవలేదు.

ఇంతవరకు కథ సాఫీగా ఉంది. రెండో హైడ్రోజన్‌ను కొలిచాక చిక్కొచ్చి పడింది.

కదలని హైడ్రోజన్ ఎందుకు కదిలింది?

కార్బన్ మీద రెండు హైడ్రోజన్లు ఉన్నాయని, ఎంజైము వాటిలో ఒకదాన్నే తీసుకుంటుందని చెప్పుకున్నాం. మిగిలిన రెండోది ఎక్కడికీ పోదు, ఆల్డిహైడ్ మీదే ఉండిపోతుంది. అయినా దాని బరువు మార్చినా వేగం కొద్దిగా మారుతుంది, ఎందుకంటే చుట్టూ కార్బన్ ఆకారం నాలుగు బంధాల నుంచి మూడు బంధాల చదును రూపానికి మారుతుంటే దాని కంపనం కూడా మారుతుంది. దీన్ని సెకండరీ ఐసోటోపు ప్రభావం అంటారు. మామూలుగా ఇది ట్రాన్సిషన్ స్టేట్ ఎంత దూరం నడిచిందో చెప్పే కొలబద్ద: అంకె 1కి దగ్గరగా ఉంటే ఆల్కహాలు పోలిక, ఆల్కహాలు-ఆల్డిహైడ్ సమతౌల్యపు విలువకు దగ్గరగా ఉంటే ఆల్డిహైడ్ పోలిక.

ఈస్టు ఎంజైములో ఆ అంకె సమతౌల్యపు విలువ దరిదాపుల్లోకి వచ్చేసింది. అంటే ఆల్డిహైడ్ పోలికట. ఆవేశమేమో ఆల్కహాలు అంటోంది, రెండో హైడ్రోజనేమో ఆల్డిహైడ్ అంటోంది. ఒకే క్షణం గురించి ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబుతున్నారు. ఇలాంటప్పుడు ఒకరు అబద్ధం చెబుతున్నారని తోసేయడం సులువు. క్లిన్‌మన్ బృందం అలా చేయలేదు, సాక్ష్యాన్ని అర్థం చేసుకునే సూత్రాన్నే అనుమానించింది.

వాళ్లు చేసిన కొలతను దగ్గరగా చూద్దాం. ఇక్కడ రెండు క్యూవెట్ల పద్ధతి చాలదు. రెండు విడి ప్రయోగాల్లో ఆల్కహాలు గాఢత 5 శాతం తేడా వచ్చినా సెకండరీ ప్రభావం అంతా అందులోనే మునిగిపోతుంది. డ్యూటీరియం స్వచ్ఛత మరో తలనొప్పి: 98 శాతం బరువైనది, 2 శాతం తేలికది ఉన్న నమూనాలో అసలు ప్రభావం 6 ఉంటే, కొలిచేది దాదాపు 5.4 మాత్రమే వస్తుంది. అందుకని రెండు రకాల అణువులనూ ఒకే గొట్టంలో కలిపి పోటీ పెట్టేస్తారు. ట్రిటియం ఉన్న కొద్దిపాటి ఆల్కహాలు, దానితోపాటు వలయంలో కార్బన్-14 గుర్తు ఉన్న ఆల్కహాలు. కార్బన్-14 మొత్తం చర్య ఎంతవరకు జరిగిందో చెబుతుంది. ట్రిటియం ఎన్‌ఏడీహెచ్‌లో చేరితే అది కదిలిన హైడ్రోజన్ స్థానంలో ఉన్నట్టు, ఆల్డిహైడ్‌లో మిగిలితే కదలని స్థానంలో ఉన్నట్టు. రెండు పదార్థాలనూ విడదీసి రేడియోధార్మికత లెక్కపెడితే రెండు ప్రభావాలూ ఒకే గొట్టం నుంచి వస్తాయి. ఒకే గొట్టం, ఒకే ఎంజైము, ఒకే ఉష్ణోగ్రత. పొరపాటుకు చోటు దాదాపు ఉండదు.

ఇదే ప్రయోగం రెండుసార్లు చేయాలి: ట్రిటియాన్ని ఒకసారి హైడ్రోజన్‌తో పోలుస్తూ, ఇంకోసారి డ్యూటీరియంతో పోలుస్తూ. మామూలు సిద్ధాంతం ప్రకారం ఈ రెండు నిష్పత్తులూ స్వతంత్రం కావు. 1958 నుంచి ఉన్న స్వెయిన్-షాడ్ సంబంధం ప్రకారం, డ్యూటీరియం-ట్రిటియం నిష్పత్తిని 3.26వ ఘాతానికి లేపితే హైడ్రోజన్-ట్రిటియం నిష్పత్తి రావాలి.

1989లో సైన్స్ పత్రికలో చా, మర్రే, క్లిన్‌మన్ ప్రచురించిన అంకెలు ఇవి. కదిలే హైడ్రోజన్‌కు హైడ్రోజన్-ట్రిటియం నిష్పత్తి 7.13, డ్యూటీరియం-ట్రిటియం 1.73. రెండో దాన్ని 3.26వ ఘాతానికి లేపితే 5.97 రావాలి, 7.13 వచ్చింది. తేడా ఉంది కానీ గొడవ పెట్టుకునేంత కాదు. కదలని హైడ్రోజన్ దగ్గరికి రండి: 1.35, 1.03. లెక్క ప్రకారం 1.03 నుంచి 1.10 రావాలి. వచ్చింది 1.35. ఆ అంకె రావాలంటే ఘాతం 3.26 కాదు, 10.2 కావాలి.

నేను మొదటిసారి ఈ లెక్కను కాగితం మీద వేసుకున్నప్పుడు ఎక్కడో తప్పు చేశానని మళ్లీ మొదటి నుంచి వేశాను. తప్పు లేదు.

ఎందుకిలా? కీలకం ఎక్కడుందంటే, హైడ్రోజన్-ట్రిటియం పోలికలో కదిలి వెళ్లే పరమాణువు హైడ్రోజన్. డ్యూటీరియం-ట్రిటియం పోలికలో కదిలి వెళ్లేది డ్యూటీరియం. తేలికైన హైడ్రోజన్ కొండ ఎక్కి దిగదు, కొండలోంచి దూసుకుపోతుంది. అదే క్వాంటం టన్నెలింగ్. బరువైన డ్యూటీరియం అంతగా దూరలేదు. రెండు హైడ్రోజన్ల కదలికలూ ముడిపడి ఉండటంతో, ఒకటి దూసుకుపోతుంటే పక్కదాని బరువు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే కదలని హైడ్రోజన్ ప్రభావం అంత ఉబ్బింది. ఆల్డిహైడ్ పోలిక అని చెప్పిన సాక్షి అబద్ధం చెప్పలేదు, తను చూసిన టన్నెలింగ్‌ను చెప్పింది. దాన్ని మనమే ట్రాన్సిషన్ స్టేట్ ఆకారంగా చదివాం. ఆవేశం చెప్పిన ఆల్కహాలు పోలిక నిలబడింది.

గది ఉష్ణోగ్రతలో, నీళ్లలో, ఒక ప్రోటీన్ లోపల హైడ్రోజన్ క్వాంటం కణంలా ప్రవర్తిస్తోందని చూపించిన గట్టి తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. అదీ సాదాసీదా బెంజైల్ ఆల్కహాలుతో.

గుర్రం కాలేయపు ఎంజైము దగ్గరికి ఆ తర్వాతే వెళ్లగలిగారు. అక్కడ కప్పు దట్టంగా ఉంది కదా, అందుకని ఎంజైమునే మార్చారు. క్రియా స్థానం (ఎంజైములో చర్య జరిగే చోటు) దగ్గరి అమైనో ఆమ్లాలను, ఉదాహరణకు 57వ స్థానంలోని లూసీన్‌ను ఫినైల్‌అలనీన్‌గా మార్చి, కప్పే మెట్లను పక్కకు తప్పించి చూస్తే కిందనున్న టన్నెలింగ్ బయటపడింది. 203వ స్థానంలో కోఎంజైము వీపును ఆనుకుని ఉండే వేలీన్‌ను చిన్నదైన అలనీన్‌గా మార్చినప్పుడు టన్నెలింగ్ లక్షణాలు తగ్గాయి. అంటే కోఎంజైమును వెనకనుంచి ఆ వేలీన్ ఆల్కహాలు వైపు నెడుతోంది, ఆ నెట్టుడు లేకపోతే దూరం పెరిగి దూకడం కష్టమవుతోంది. 1999లో అమ్నన్ కోహెన్, క్లిన్‌మన్ తదితరులు వేడి నీటి ఊటల ఉష్ణోగ్రతల్లో బతికే బాక్టీరియా ఎంజైమును బెంజైల్ ఆల్కహాలుతో పరీక్షించారు. 30 డిగ్రీలకు పైన ఐసోటోపు ప్రభావం ఉష్ణోగ్రతతో దాదాపు మారలేదు. దానికి కింద మాత్రం చల్లబడేకొద్దీ పెరిగింది. చల్లదనంలో ప్రోటీన్ బిగుసుకుపోయి, హైడ్రోజన్ దూకడానికి కావలసినంత దగ్గరికి రెండు వైపులనూ తేలేకపోతోందని దీన్ని అర్థం చేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టన్నెలింగ్ జరుగుతోందనడం ఒకటి, టన్నెలింగ్ వల్లే ఎంజైము ఇంత వేగంగా పనిచేస్తోందనడం ఇంకొకటి. మొదటిదానికి ఐసోటోపులు గట్టి సాక్ష్యం. రెండోది ఇంకా వాదనలో ఉంది, ఎంజైము లేకుండా నీళ్లలో జరిగే అదే చర్యలోనూ అంతే టన్నెలింగ్ ఉంటే ఎంజైముకు ప్రత్యేక లాభం ఏముందని అడిగేవారి ప్రశ్న నాకు సబబుగానే అనిపిస్తుంది.

రెండు హైడ్రోజన్లు, రెండు డ్యూటీరియాలు

ఇంతసేపూ కార్బన్ మీది హైడ్రోజన్లే మాట్లాడాయి. ఆక్సిజన్ మీది ప్రోటాన్ సంగతేమిటి? దీనికి మంచి ఉదాహరణ ఇంకో ఎంజైము, అరైల్ ఆల్కహాల్ ఆక్సిడేజ్. కింగ్ ఆయిస్టర్ పుట్టగొడుగులో, అంటే ప్లూరోటస్ ఎరింజీలో, ఇది ఉంటుంది. సుగంధ ఆల్కహాళ్లను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. కలపలోని గట్టి లిగ్నిన్‌ను కరిగించడానికి ఫంగస్‌కు ఆ పెరాక్సైడ్ కావాలి. ఇందులో హైడ్రైడ్ అందుకునేది ఎన్‌ఏడీ కాదు, పసుపు రంగు ఎఫ్‌ఏడీ అనే ఇంకో కోఎంజైము. మాడ్రిడ్‌లోని శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

ఆక్సిజన్ మీది హైడ్రోజన్ నీళ్లతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది, కాబట్టి దాన్ని మార్చడానికి ఆల్కహాలును తయారుచేయక్కర్లేదు, నీళ్లకు బదులు భారజలం వాడితే చాలు. కానీ ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. పీహెచ్ మీటరు భారజలంలో తక్కువ చూపిస్తుంది, దాని అంకెకు 0.4 కలుపుకోవాలి. కలపకపోతే రెండు వేర్వేరు ఆమ్లత్వాల దగ్గర కొలిచి, ఆ తేడాను ఐసోటోపు ఖాతాలో రాసినట్టవుతుంది. రెండోది, భారజలం మామూలు నీళ్లకన్నా నాలుగో వంతు దాకా చిక్కన. అణువులు ఎంజైమును చేరడమే నెమ్మదిస్తే అదీ ప్రభావంలాగే కనిపిస్తుంది. అందుకే మామూలు నీళ్లలో గ్లిసరాల్ కలిపి అంతే చిక్కదనం తెచ్చి సరిచూసుకుంటారు.

ఇప్పుడు అసలు ఎత్తు. బరువు ఆల్కహాలును మామూలు నీళ్లలోనూ భారజలంలోనూ కొలుస్తారు, తేలిక ఆల్కహాలునూ అలాగే. ప్రోటాన్ ఒక మెట్టులో, హైడ్రైడ్ ఇంకో మెట్టులో విడివిడిగా వెళ్తుంటే, హైడ్రైడ్‌ను బరువెక్కించగానే ఆలస్యమంతా దాని మెట్టుకే చేరుతుంది, భారజలం ప్రభావం తగ్గిపోతుంది. రెండూ ఒకే మెట్టులో కలిసి కదిలితే ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి తగ్గించదు. ఈ ఎంజైములో మిథాక్సీ గుంపున్న బెంజైల్ ఆల్కహాలుతో పెద్ద ప్రభావం కార్బన్ వైపు, చిన్నదే అయినా స్పష్టమైన ప్రభావం నీళ్ల వైపు వచ్చాయి. రెండూ ఒకే మెట్టులోనే కదులుతున్నాయి, కానీ అడుగులు సరిగ్గా కలవడం లేదని తేలింది. ప్రోటాన్‌ను పట్టుకునేది 502వ స్థానంలోని హిస్టిడీన్. దాన్ని మార్చేస్తే ఆల్కహాలు ఆక్సీకరణ వేగం బాగా పడిపోతుంది.

ఈ ఎంజైములో కప్పును తొలగించడానికి సుందరమైన దారి ఒకటుంది. ఆక్సిజన్ లేకుండా చేసిన గదిలో ఎంజైమును, ఆల్కహాలును స్టాప్డ్-ఫ్లో యంత్రంతో మిల్లీసెకన్లలో కలుపుతారు. ఎఫ్‌ఏడీ నుంచి హైడ్రోజన్లను తిరిగి తీసుకునే ఆక్సిజన్ లేదు కాబట్టి చక్రం తిరగదు, హైడ్రైడ్ మారే సగమే జరిగి ఆగిపోతుంది. ఎఫ్‌ఏడీ పసుపు రంగు కళ్లముందే వెలిసిపోతుంది. బరువు ఆల్కహాలు ఇస్తే ఆ పసుపు ఇంకాస్త సేపు నిలుస్తుంది. తర్వాత ఆక్సిజన్ ఉన్నప్పుడు మిగతా సగం, అంటే పసుపు తిరిగి వచ్చే దశ చూస్తే, అక్కడా చిన్న ఆలస్యం కనబడుతుంది. ఆల్కహాలు అప్పటికే ఆల్డిహైడ్ అయిపోయింది కదా, ఇంకా ఆలస్యమెందుకు? ఆల్కహాలు మీది డ్యూటీరియం ఇప్పుడు ఎఫ్‌ఏడీలోని ఒక నైట్రోజన్ మీద కూర్చుంది. ఆక్సిజన్ వచ్చినప్పుడు అక్కడి నుంచి లేవాల్సింది కూడా అదే డ్యూటీరియం.